ట్రేలు తిరిగే వేళ

పాపని గోడవైపు తిప్పి పడుకోబెట్టాను. ఆ సంగతి నాకు బాగా గుర్తుంది. వెనక్కి వాలిపోకుండా వీపు దగ్గర తువ్వాలు చుట్టి పెట్టి, మంచం పక్కన చాప వేసుకుని నేనూ నడుం వాల్చాను. మధ్యాహ్నపు ఎండ కర్టెన్ అంచులోంచి సన్నటి గీతలా గచ్చు మీద పడుతోంది. ఆ గీతని చూస్తూనే రెప్పలు మూసుకున్నాను.

తెరిచేసరికి పాప తలుపువైపు తిరిగి ఉంది.

తువ్వాలు కూడా మారింది. ఇప్పుడది గోడవైపు ఉంది, పాప వీపుకి ఆనుకుని, మడత చెదరకుండా. ఇంకా బోర్లా పడటమే రాని పిల్ల. తనంతట తాను తిరగలేదు. ఒకవేళ తిరిగిందే అనుకున్నా, తువ్వాలు మోసుకుని తిరగదు కదా.

ఇది మొదటిసారి కాదు. కొన్నాళ్ళుగా ఇలాగే జరుగుతోంది. మొదట్లో నేనే మర్చిపోయాననుకున్నాను. పురిటి నిద్రలో ఏ వైపు పడుకోబెట్టానో ఏమోనని సర్దుకున్నాను. ఆ తర్వాత పడుకోబెట్టేముందు పైకి చెప్పుకోవడం మొదలుపెట్టాను. "గోడవైపు." ఈవేళ కూడా అన్నాను. నా గొంతు నాకు వినిపించింది.

"అత్తయ్యా, మీరిటు వచ్చారా?" అని కేకేశాను.

"నేనెందుకొస్తానమ్మాయ్?" వంటింట్లోంచి అత్తయ్య జవాబు. "నా చెప్పుల చప్పుడు వింటే చాలు, నీ కూతురు సైరన్ మోగిస్తుంది. నాకేం పనిలేదా?"

అత్తయ్య అబద్ధం ఆడే మనిషి కాదు. మిగతా ప్రశ్న నా నాలుక మీదే ఉండిపోయింది. మరి పాపని ఎవరు తిప్పారు? పైకి అడిగితే ఆ గదిలో ఎవరో ఉన్నట్టు నేనే ఒప్పుకున్నట్టవుతుంది. ఆ గదిలోనే పాపని వదిలి నేను పనికి వెళ్ళాలి.

ఆ ఉదయమే మా సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. పనిలో అందరం ఆయన్ని థర్మామీటర్ అంటాం. ఎప్పుడు చూసినా వేడి ఎంతుంది, తేమ ఎంతుంది అనే మాటే తప్ప, మనిషి మాత్రం వేడెక్కడు, చల్లబడడు.

"సోమవారం నుంచి వస్తున్నట్టేనా అమ్మా?"

"ఇంకా అనుకోలేదండి."

"అనుకోండి మరి. రానంటే రానని చెప్పండి, తప్పేం లేదు. మీ స్టూలు మీద కొత్తమ్మాయిని కూర్చోబెట్టాను. మీరు రాకపోతే ఆ స్థానం ఆ అమ్మాయికే రాసేస్తాను. పోనీ, శనివారం ఒక్కపూట వచ్చి కూర్చుని చూడండి. ఒంట్లో ఎలా ఉందో మీకే తెలుస్తుంది."

నాకు వెళ్ళాలనే ఉంది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఇంత పసిపిల్లని పెట్టుకుని వెళ్ళాలనుంది అంటే వినేవాళ్ళ ముఖం ఎలా మారుతుందో చూడటం ఇష్టంలేక.

నేను పనిచేసేది కోడిగుడ్లు పొదిగించే హేచరీలో. అక్కడ మా గదిని దీపం గది అంటారు. పేరుకి దీపం గదే కానీ చీకటి కోసం కట్టిన గది. కిటికీలు లేవు. గోడలకి నల్లరంగు. మధ్యలో పొడవాటి బల్ల, బల్ల మీద అద్దం, అద్దం కింద దీపాలు. గుడ్ల ట్రేని దాని మీదికి జరిపితే ప్రతి గుడ్డూ లోపలినుంచి వెలుగుతుంది. ప్రాణం పోసుకున్న గుడ్డులో ఎర్రటి నరాలు సాలెగూడులా పరుచుకుని ఉంటాయి. ఏమీ లేనిది ఖాళీగా, తెల్లగా మెరుస్తుంది. మొదలై ఆగిపోయినదాంట్లో నరాలన్నీ వెనక్కి తగ్గి ఒక ఎర్ర ఉంగరం మిగులుతుంది. ఆ తెల్లవాటినీ, ఉంగరాలనీ ఏరి తీసేయడం మా పని. ట్రే ఆగదు. కన్ను చూసి చెప్పేదాకా చెయ్యి కాచుకుని కూర్చుంటే కుదరదు.

"దీని చెయ్యి దీని కన్నుకంటే ముందు పోతుందే," అనేది పెద్దక్క. పెద్దక్క మా గదిలో అందరికంటే పాత మనిషి. ఆమెకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా ఆమెని పెద్దక్కా అనే పిలుస్తారు.

దీపం గదిలో గడియారం లేదు. అక్కర్లేదు కూడా. పక్కనే పొదిగే యంత్రాలున్నాయి. వాటిలో గుడ్ల ట్రేలు గంటకోసారి ఒక పక్కనుంచి ఇంకో పక్కకి వాలతాయి. తల్లి కోడి ముక్కుతో గుడ్లు దొర్లించుకున్నట్టే ఇది కూడా. తిప్పకపోతే లోపలి పిల్ల పెంకుకి అంటుకుపోతుంది. తిరిగేటప్పుడు ముందు ఉస్స్ మని గాలి వదిలిన చప్పుడు, ఆ వెంటనే అన్నీ కలిసి టక్కుమని ఆగిన చప్పుడు. గోడ అవతలినుంచి ఆ టక్కు వినగానే మేమందరం స్టూళ్ళ మీద ఒక తుంటి మీంచి ఇంకో తుంటి మీదికి మారతాం. నడుములు పట్టేయకుండా పెద్దక్క పెట్టిన పద్ధతి అది. "ట్రేలు తిరిగితే మనమూ తిరగాలి. లేకపోతే మనమూ స్టూలుకి అంటుకుపోతాం," అనేది. కొత్తగా చేరినవాళ్ళు నవ్వుతారు. నెల తిరిగేసరికి వాళ్ళూ తెలియకుండానే తిరుగుతారు.

కడుపుతో ఉన్నప్పుడు కూడా చివరిదాకా ఆ స్టూలు మీదే కూర్చున్నాను. టక్కుమనగానే నేను ఒత్తిగిలితే, లోపల పాప కూడా ఒత్తిగిలేది. పెద్దక్క చీకట్లోనే నా పొట్ట మీద చెయ్యి వేసి, "ఇది కూడా మన బ్యాచేనే," అని నవ్వింది.

మా ఆయన ఆ హేచరీలోనే కోడిపిల్లల వ్యాన్ నడుపుతారు. సాయంత్రం వచ్చి పాపని ఎత్తుకుని, "ఏంటి మేనేజర్‌గారూ, ఈవేళ ఎంతమందిని ఉద్యోగంలోంచి తీసేశారు?" అని అడిగారు. పాప ఆయన చొక్కా మీద పాలు కక్కింది. "ఒకణ్ణి," అన్నారు తనే.

"సోమవారం సంగతి ఏం చేద్దాం?" అన్నాను.

"నీకెలా బాగుంటే అలా. వెళ్ళాలనుంటే వెళ్ళు. వద్దనుంటే మానెయ్."

మంచి మాటే. కానీ బరువంతా మళ్ళీ నా ఒళ్ళోకే వచ్చి పడింది.

అత్తయ్య మాత్రం తేల్చేసింది. ఆవిడ ఒకప్పుడు బస్సు కండక్టర్. "నేను వీణ్ణి ఇంతప్పుడే వదిలి డ్యూటీ ఎక్కాను. వీడేమైనా అరిగిపోయాడా? కాస్త అరిగినా బాగుండేది, తిండి ఖర్చు తగ్గేది. నువ్వెళ్ళమ్మాయ్. నేను లేనూ?"

మీరు ఉంటారు అత్తయ్యా, అనుకున్నాను. మీతోపాటు ఇంకెవరుంటారో అదే తెలియడం లేదు.

గురువారం మధ్యాహ్నం తువ్వాలు పక్కనే మడిచి పెట్టి, పాపని వెల్లకిలా పడుకోబెట్టాను. అటూ కాదు, ఇటూ కాదు. ఎవరైనా తిప్పాలనుకుంటే ఎటు తిప్పాలో తెలియకూడదని. నిద్రపోకూడదని గోడకి చేరగిలబడి కూర్చున్నాను. రాత్రంతా పాపకి పాలిచ్చిన ఒళ్ళు. ఎప్పుడు కునుకు పట్టిందో తెలియదు.

మెలకువ వచ్చింది చప్పుడు వల్ల కాదు, చప్పుడు లేకపోవడం వల్ల. పాప ఊపిరి వినిపించడం లేదు. చూస్తే ఒక పక్కకి తిరిగి, ముఖమంతా తువ్వాల్లో కూరుకుపోయి ఉంది.

ఎత్తి భుజాన వేసుకున్నాను. క్షణంసేపు ఏమీ లేదు. తర్వాత ఒక్కసారిగా గుక్కపట్టి ఏడ్చింది. ముక్కు చుట్టూ తువ్వాలు నేత అచ్చుపడి ఉంది. అత్తయ్య చేతికి సబ్బు నురగతోనే పరిగెత్తుకొచ్చింది.

"ఏమైంది? ఏమైందే?"

"తువ్వాలు... ముఖానికి..."

అత్తయ్య ఆ తువ్వాలు లాగి బయట దండెం మీద పడేసింది. "ఇంకెప్పుడూ పక్కన గుడ్డముక్క పెట్టకు. పక్కకీ వద్దు, వెల్లకిలానే పడుకోబెట్టు. విన్నావా?" అంది.

ఆ సాయంత్రం మా ఆయనతో చెప్పేశాను. "ఆ గదిలో ఎవరో ఉన్నారండి."

"ఎవరు?"

"తెలియదు. పాపని తిప్పుతున్నారు."

ఆయన నవ్వబోయారు. "ఉంటే మంచిదే కదా, అద్దెలో సగం ఇమ్మందాం," అన్నారు. తర్వాత నా ముఖం చూశారు. లేచి వెళ్ళి కిటికీ గొళ్ళెం చూశారు, మంచం కిందికి వంగి చూశారు, అలమార తలుపు తీసి వేశారు. వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"నీకు నిద్ర చాలడం లేదు," అన్నారు.

"పాప ముక్కు మీద అచ్చు నిద్ర చాలక పడిందా?"

ఆయన లేచి కిటికీ గొళ్ళెం మళ్ళీ ఒకసారి బిగించారు. ఒక్కటే తేలింది. ఆ తిప్పేది ఎవరో తెలిసేదాకా సోమవారం నేను గడప దాటలేను.

అయినా శనివారం వెళ్ళాను. థర్మామీటర్ రమ్మన్నాడని కాదు. ఆ గదికి కాస్సేపు దూరంగా ఉంటే బుర్ర పనిచేస్తుందేమోనని. పాపని అత్తయ్య ఒళ్ళో పెట్టి, "కన్ను తిప్పకండి అత్తయ్యా. గదిలో వద్దు, ఇక్కడే హాల్లో, మీ ఎదురుగా పడుకోబెట్టండి," అన్నాను.

"టికెట్ లేని వాణ్ణే కనిపెట్టే కళ్ళివి. నువ్వెళ్ళు."

హేచరీలోకి వెళ్ళాలంటే ముందు స్నానం చేయాలి. బయటి రోగాలేవీ లోపలి పిల్లలకి అంటకూడదు. ఇంటి బట్టలు ఇవతల విప్పి, తలమీద నుంచి నీళ్ళు పోసుకుని, అవతలి తలుపులోంచి వెళ్ళి వాళ్ళిచ్చే నీలం బట్టలు వేసుకోవాలి. ఎన్నోసార్లు చేసిన పనే. ఈసారి మాత్రం సబ్బు రుద్దుకుంటుంటే పాప వాసన నా భుజం మీంచి జారి కాలవలో పోతున్నట్టనిపించింది. అవతలికి అడుగుపెట్టాక చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఏమీ లేదు. పిల్ల పుట్టనే లేదేమో అన్నంత శుభ్రంగా ఉంది.

దీపం గది తలుపు తీసి లోపలికి అడుగుపెట్టి, "ఉన్నాను," అన్నాను.

అది మా గది అలవాటు. వెలుతురులోంచి వచ్చినవాళ్ళకి చీకట్లో ఏమీ కనిపించదు. ఒకరి మీద ఒకరు పడకుండా, వచ్చినవాళ్ళు ఉన్నాను అంటారు, వెళ్ళేవాళ్ళు లేను అంటారు.

"అమ్మయ్య, ఇప్పటికి వచ్చావా!" అంది పెద్దక్క గొంతు.

"ఎవరక్కా?" అంది ఇంకో గొంతు, లేతగా.

"నువ్వు కూర్చున్న స్టూలు గలావిడ."

కొత్తమ్మాయి గబుక్కున లేచిన చప్పుడు. "కూర్చోండక్కా. మీరు నిజంగా వచ్చారుగా, నాకిప్పుడు బాగుంది."

"నిజంగా రావడమేమిటి?"

పెద్దక్క నవ్వింది. "నొప్పులొచ్చి నువ్వు వెళ్ళిపోయిన రోజు లేను అనకుండా వెళ్ళావు కదే. ఇదేమో రోజూ స్టూలు మీద కూర్చునేముందు తడిమి చూసుకుంటుంది, నువ్వక్కడే ఉన్నావేమోనని."

"నవ్వకు పెద్దక్కా," అంది ఆ అమ్మాయి. "ట్రేలు తిరిగినప్పుడు నా పక్కన ఎవరో ఒత్తిగిలినట్టే ఉంటుంది. ఒట్టు."

నాకు నవ్వు రాలేదు. ఆ అమ్మాయి పక్కన ఇంకో స్టూలు వేసుకుని కూర్చున్నాను. చీకటికి కళ్ళు అలవాటు పడేదాకా పని మొదలుపెట్టకూడదు. ఆగాను. మెల్లగా బల్ల అద్దం కనిపించింది, దాని మీద వెలుగుతున్న గుడ్లు, వాటి మీదుగా కదులుతున్న చేతులు. ముఖాలు కనిపించవు. ఎర్రటి వెలుతురులో చేతులే కనిపిస్తాయి.

మొదటి ట్రేకి నా చెయ్యి తడబడింది. రెండోదానికి దారిలో పడింది. తెల్లది, తెల్లది, ఉంగరం, మళ్ళీ తెల్లది. వేళ్ళు వాటంతటవే వెళ్ళి తీసుకొస్తున్నాయి. పాప పుట్టాక మొదటిసారి నా ఒళ్ళు నాది అనిపించింది. కాసేపు పాపని మర్చిపోయాను. నిజం చెప్పాలంటే, హాయిగా మర్చిపోయాను.

"అక్కా," అన్నాను పెద్దక్కతో, గొంతు తగ్గించి. "ఇంట్లో పాపని ఎవరో తిప్పుతున్నారు."

"అంటే?"

"నేను ఒక వైపు పడుకోబెడతాను. లేచి చూస్తే ఇంకో వైపు ఉంటుంది. మొన్న ముఖం తువ్వాల్లో..."

మిగతా మాట పూర్తికాలేదు. గోడ అవతల ఉస్స్ మంది. టక్కుమంది.

చీకట్లో అందరూ ఒత్తిగిలారు. స్టూళ్ళు కిర్రుమన్నాయి. నేను ఒత్తిగిలలేదు. నా రెండు చేతులూ బల్ల మీదికి చాచి ఉన్నాయి. ఒక అరచెయ్యి పైన, ఒకటి కింద, మధ్యలో పసిపిల్ల పట్టేంత ఖాళీ. ఆ ఖాళీని అవి మెల్లగా, తల జాగ్రత్తగా పట్టుకుని, గోడవైపునుంచి తలుపువైపు తిప్పాయి. తర్వాత కుడిచెయ్యి వెళ్ళి అవతలి పక్క లేని తువ్వాలుని సర్దింది.

దీపం వెలుతురు నా వేళ్ళ సందుల్లోంచి ఎర్రగా కనిపిస్తోంది.

పెద్దక్క నా మణికట్టు పట్టుకుంది. "ఏం చేస్తున్నావే?"

ఆమే మళ్ళీ, చాలా మెల్లగా, వేరేవాళ్ళకి వినపడకుండా అంది. "పొదిగే యంత్రాల్లో తిప్పుతారు కానీ, పెంకు పగిలి పిల్లలు లేచే గదిలోకి గుడ్లని మార్చాక ఎవరూ తిప్పరు. అప్పుడు తిప్పితే పిల్ల దారి తప్పుతుంది. తల ఎటు పెట్టుకోవాలో దానికే తెలియాలి. నీకు నేను చెప్పాలా? పుట్టిన పిల్లనెవరు తిప్పుతారే?"

నేను లేచాను. ఈసారి "లేను" అని గట్టిగా అని మరీ బయటికొచ్చాను. నా వెనక కొత్తమ్మాయి ఊపిరి వదలడం వినిపించింది.

ఇంటికి వచ్చేసరికి పాప హాల్లో చాప మీద వెల్లకిలా నిద్రపోతోంది. పక్కనే అత్తయ్య, పాత వార్తాపత్రికతో విసురుతూ.

"ఎప్పుడు పడుకుంది?"

"నువ్వెళ్ళిన కాసేపటికే. మధ్యలో లేచి పాలు తాగి మళ్ళీ పడుకుంది. బుజ్జిది బంగారం. ఎలా వేస్తే అలా పడుకుంది, ఇంత కూడా కదల్లేదు."

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

"అత్తయ్యా, రోజూ మధ్యాహ్నం దాన్ని తిప్పుతున్నది నేనేనా?"

అత్తయ్య విసరడం ఆపి నా వైపు వింతగా చూసింది. "ఇదేం ప్రశ్న? నువ్వు కాక ఇంకెవరు? నేను అటు నీళ్ళకి వెళ్ళినప్పుడల్లా గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను. లేస్తావు, పిల్లని తిప్పుతావు, తువ్వాలు సర్దుతావు, మళ్ళీ పడుకుంటావు. ఎంత జాగ్రత్తో అనుకునేదాన్ని."

"మరి నాకెప్పుడూ చెప్పలేదే!"

"నీ చేతులు చేసేది నీకు చెప్పాలా అమ్మాయ్? నువ్వు అడిగింది నేను వచ్చానా అని. నేను రాలేదు, రాలేదన్నాను." మళ్ళీ విసరడం మొదలుపెట్టి అంది. "నువ్వు మెలకువగా ఉన్నావనుకున్నాను. కళ్ళు తెరిచే ఉండేవి."

ఆ గదిలో ఎవరో ఉన్నారని భయపడ్డాను. ఉన్నది నేను. తువ్వాల్లోకి పాప ముఖం తిప్పింది కూడా నేనే. ఆ సంగతి తెలిసి ఒళ్ళు తేలికపడలేదు. బయటివాళ్ళయితే తలుపు గడియ వేసుకోవచ్చు. ఆ రాత్రి పాపని అత్తయ్య మంచం దగ్గర పడుకోబెట్టించి, పాలకి లేపినప్పుడు మాత్రమే ముట్టుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం అత్తయ్య అంది. "ఈవేళ నీ గదిలోనే పడుకోండి ఇద్దరూ. నీ చెయ్యి నేను పట్టుకుంటాను. కదిలే బస్సులో కమ్మీ పట్టుకుని ఇరవైయేళ్ళు నిలబడ్డాను, నీ చెయ్యొక లెక్కా?"

మా ఆయన గుమ్మంలో నిలబడి, "నేనేం చేయను?" అన్నారు.

"నువ్వు అవతలికి పోయి గురకపెట్టకుండా కూర్చో. అదే పెద్ద సాయం," అంది అత్తయ్య.

పాప మంచం మీద. నేను చాప మీద. అత్తయ్య నా పక్కన గోడకి ఆనుకుని, నా రెండు మణికట్టులూ తన ఒక్క చేత్తో పట్టుకుని. నిద్ర పట్టదనుకున్నాను. పట్టింది.

లేచేసరికి కూర్చుని ఉన్నాను. అత్తయ్య నుదుటి నిండా చెమట. ఇప్పుడు రెండు చేతులతో పట్టుకుని ఉంది. నా మణికట్ల మీద ఆవిడ వేళ్ళ ఎర్రటి గుర్తులు.

"లాగానా?"

"ఒక్కసారే. కానీ అమ్మో, ఏం బలమే నీది!" ఆవిడ నా చేతులు వదల్లేదు. "నాతో మాట్లాడావు కూడా."

"ఏమన్నాను?"

చెప్పాలా వద్దా అని ఆలోచించింది. "వదలండి, అంటుకుపోతుంది అన్నావు. ఒకటే మాట, మళ్ళీ మళ్ళీ. వదలండి, అంటుకుపోతుంది."

పాపవైపు చూశాను. వెల్లకిలా, పిడికిలి చెవి దగ్గర పెట్టుకుని నిద్రపోతోంది. దేనికీ అంటుకుపోలేదు.

"అంటుకుపోలేదుగా. చూడు," అంది అత్తయ్య. తర్వాత అడిగింది. "రేపటి సంగతేంటి? మానేస్తావా?"

"మానేస్తే రోజంతా దీని పక్కనే ఉంటాను కదా అత్తయ్యా. ఈ చేతులతోనే."

"వెళ్తే?"

"వెళ్తే రోజంతా ఆ చప్పుడు పక్కన ఉంటాను. అక్కడ నేర్చుకున్నదే ఇక్కడికి తెస్తున్నాను." ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననిపించింది. "నాకు వెళ్ళాలనే ఉంది అత్తయ్యా. దీన్ని వదిలి వెళ్ళాలని కాదు. వెళ్ళాలని."

"ఆ రెండూ వేరని నాకు చెప్తున్నావా?" అంది అత్తయ్య. "బస్సు కదలగానే వీణ్ణి మర్చిపోయేదాన్ని. ఆఖరి స్టాపులో గుర్తొచ్చేవాడు. దిగి ఏడ్చి, ముఖం కడుక్కుని మళ్ళీ ఎక్కేదాన్ని. ఎవరికి చెప్పాను ఇన్నాళ్ళూ?"

ఆ సాయంత్రం థర్మామీటర్‌కి నేనే ఫోన్ చేశాను.

"వస్తానండి. కానీ దీపం గదికి కాదు. పిల్లలు లేచే గదికి వేయండి."

"ఆ గదికి మీరెందుకమ్మా? పెంకులు ఊడ్చి, పిల్లల్ని పెట్టెల్లోకి ఎత్తడానికి ఎవరైనా చాలు. చెవులు చిల్లులు పడతాయి అక్కడ. మీ కన్నుకి అదేం పని? పెద్దక్క తర్వాత దీపం గది మీ చేతికే వస్తుందనుకున్నాను."

ఆ మాట ఆయన నాతో అంతకుముందెప్పుడూ అనలేదు. అనకుండా ఉంటే బాగుండేది. ఫోన్ చెవి మార్చుకున్నాను.

"ఆ గదికేనండి."

"ఇప్పుడు కొత్తమ్మాయికి రాసేశానంటే, రేపు మళ్ళీ కావాలంటే కుదరదు."

"తెలుసండి."

"సరే మరి," అన్నాడు. వేడెక్కలేదు, చల్లబడలేదు.

పిల్లలు లేచే గది భవనానికి అవతలి చివర ఉంటుంది. గది నిండా తెల్లటి లైట్లు. చాటుకి మూరెడు చీకటి కూడా దొరకదు. సోమవారం పొద్దున్న తలుపు తీయగానే వేల గొంతులు ఒక్కసారి మీద పడ్డాయి. ఆ కిచకిచల్లో మనిషి మాటే వినపడదు, ఇక ఏ చప్పుడు వినపడుతుంది? ట్రే బయటికి లాగితే సగం పిల్లలు తడి ఆరి పసుపుపచ్చగా, సగం ఇంకా పెంకు ముక్కని నెత్తిన మోస్తూ. ఒక్కొక్కటీ ఒక్కో వైపు తిరిగి ఉంది. ఆ అరుపులకి నాకు పాలు చేపుకొచ్చి నీలం చొక్కా ముందంతా తడిసిపోయింది. పక్కన పనిచేసేవాడు చూసీ చూడనట్టు ఒక పొడి గుడ్డ నా వైపు విసిరాడు. పని తేలిక. చేతులకి తెలివి అక్కర్లేదు. మధ్యాహ్నానికి నా వేళ్ళు నాకే మొద్దుగా, కొత్తగా అనిపించాయి. దీపం గది తలుపు ముందు నుంచి వెళ్ళే దారి దగ్గరైనా, చుట్టూ తిరిగి వచ్చాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఇంకా వెలుతురు ఉంది. పాప గదిలో మంచం మీద నిద్రపోతోంది. అత్తయ్య నన్ను చూసి, నా చేతులు చూసి, మళ్ళీ నన్ను చూసింది.

"స్నానం చేసి వస్తాను. పొద్దుట్నుంచి నీళ్ళు పోసుకోలేదు. ఉండగలవా?"

"ఉంటాను."

స్నానాల గది తలుపు పడింది. నీళ్ళ చప్పుడు మొదలైంది. మంచం అంచున కూర్చున్నాను. పాప తల గోడవైపు వాల్చుకుని ఉంది. ఎవరూ వాల్చలేదు, తనే వాల్చుకుంది. చెంప మీద కిటికీ జాలీ గళ్ళ నీడ. నేను మెలకువగా ఉన్నాను. కళ్ళు నొప్పిపుట్టేంత మెలకువగా ఉన్నాను.

అప్పుడు వినిపించింది. వంటింట్లోంచి కాదు, వీధిలోంచి కాదు. ఉస్స్. తర్వాత టక్.

నా చేతులు లేచాయి. ఈసారి అవి లేవడం చూశాను. తొందర లేదు వాటికి. ఎంతో ప్రేమగా, ఒకటి పాప మెడ కిందికి, ఒకటి నడుం మీదికి వెళ్తున్నాయి. అంటుకుపోతుంది, అని లోపల ఎవరో అన్నారు. నా గొంతే. అంటుకుపోతే అంటుకుపోనీ, అన్నాను. అది కూడా నా గొంతే. పాప వెంట్రుకలు వేళ్ళకి తగులుతాయనగా చేతులు ఆగాయి.

పాప ముక్కు నలుపుకుంది. పెదవులు రెండుసార్లు చప్పరించి, గోడవైపే నిద్రపోయింది.

అత్తయ్య తలుపు తీసి బయటికొచ్చేదాకా నా చేతులు అలా గాల్లోనే ఉన్నాయి. వాటిని దించి నా ఒళ్ళో పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.